నీలమ్మ పెట్టిన బొట్టు

ఇన్నేళ్లూ నోరు కుట్టుకుని కూర్చున్నాను. కూర్చోమన్నది మా ఆయన. సాయిలు బతికున్నంత కాలం ఈ సంగతి మన గడప దాటకూడదు భ్రమరా అన్నారు, సరేనన్నాను. మా ఆయన పోయి చాలాకాలమైంది. సాయిలు మొన్న మాఘంలో పోయాడు. ఇక ఆగమనేవాళ్లు లేరు, ఆగే ఓపిక నాకూ లేదు.

మా ఆయన పేరు సోమేశ్వరరావు. మీరు విని ఉండరు. ఆయన ఫొటో ఏ పేపర్లోనూ పడలేదు, శాలువా కప్పి దండ వేసినవాళ్లూ లేరు. రేపల్లె దగ్గర పల్లెటూళ్లో పుట్టి, రసాయనశాస్త్రం చదివి, ఉద్యోగం కోసం హైదరాబాదు వచ్చి, చివరికి మాదాపూర్ బండల మధ్య ఒక ధర్మసంస్థ కట్టిన నాలుగు గదుల ప్రయోగశాలలో తేలారు. మంచి మనిషే. కానీ కుదురు లేదు. పెళ్లిచూపుల నాడే కుర్చీలో కూర్చోలేక వసారాలో అటూ ఇటూ తిరుగుతుంటే, మా నాన్న పెళ్లికొడుకు అన్నయ్యను పక్కకు పిలిచి "అబ్బాయికి కడుపులో ఏమైనా ఇబ్బందిగా ఉందా అండీ?" అని అడిగారు. కాపురానికి వచ్చాక తెలిసింది, ఇబ్బంది కడుపులో కాదు, బుర్రలో అని. అన్నంలో చారు పోసుకుని లేచిపోయేవారు. ఒకసారి గడ్డం సగం గీసుకుని, ఏదో గుర్తొచ్చి, ఆ సగం గడ్డంతోనే బస్సెక్కి ఊళ్లోకి పోయి వచ్చారు. కాలుగాలిన పిల్లితో కాపురం ఎలా ఉంటుందో నన్నడగండి, చెప్తాను.

మేం మాదాపూర్ చేరింది డెబ్బై నాలుగులో. బస్సు కావాలంటే మియాపూర్ దాకా నడవాలి. చుట్టూ ఏనుగులంత బండలు, సీతాఫలం పొదలు, పొదల్లో పాములు. మొదటి వారం నేను మూతి ముడుచుకునే ఉన్నాను. "ఇదేం ఊరండీ, ఇక్కడ నక్కలు కూడా కిరాయికి దిగవు" అన్నాను. ఆయన వింటేగా!

ఆ బండల్లో నాకు దొరికిన మొదటి మనిషి నీలమ్మ. మా ఇంటికి ఎదురుగా మట్టి గోడల ఇల్లు వాళ్లది. పిల్లల్లేరు. భర్త సాయిలు తెల్లాపూర్ వైపు బండలు కొట్టే పనికి పోయేవాడు. నీలమ్మకు మేకలుండేవి. వాటిని అదిలిస్తూ ఆమె వేసే కేకలకు నాకు గడియారం అక్కరలేకపోయింది. నేను ఆవకాయ ఇస్తే ఆమె జొన్నరొట్టె తెచ్చేది. "గింత కారం ఎట్ల తింటరమ్మా మీరు? నోరా, పొయ్యా?" అని నవ్వేది. మా ఆయన వాకిట్లో తిరుగుతుంటే గోడ మీద గడ్డం ఆనించి చూసి, "సారూ, గట్ల తిరుగుతవేంది? నా మేకలే నయం, జరసేపు పండుకుంటయి" అనేది. ఆయనను ఆ మాట అనగలిగింది ఆమె ఒక్కతే.

ప్రయోగశాల మా ఇంటికి కూతవేటు దూరం. ఆయనకు తిండి గుర్తుండదు గనక రోజూ నేనే క్యారియర్ పట్టుకుపోయేదాన్ని. లోపలికి రానిచ్చేవారు కాదు. బయట బండ నీడలో కూర్చుని తినాలి, అదీ చేతులు మోచేతుల దాకా కడుక్కుని. అలా ఒకరోజు పెరుగన్నం కలుపుతూ, "అసలేం చేస్తారండీ ఆ గదిలో?" అని అడిగేశాను.

"పీతలు" అన్నారు.

నేను క్యారియర్ మూత విసిరికొట్టబోయాను. ఆయన నవ్వలేదు. చిన్నప్పుడు కాలవలో పీత నీ వేలు పట్టుకోలేదూ, ఎంత విదిలించినా వదల్లేదు కదా, అలాంటిదే, కంటికి కనపడనంతది, అని మొదలుపెట్టారు. ఇట్రియం అని ఒక లోహం ఉందట. దానిలో ఒక రకానికి లోపల కనపడని నిప్పుంటుంది. మూడు రోజులు తిరిగేలోపే సగం ఆరిపోతుంది. ఆరేలోపు పక్కనున్న కణాలను మాడ్చేస్తుంది. ఆ నిప్పును తీసుకెళ్లి రాచపుండు పక్కన పెడితే పుండు మాడుతుంది. కానీ ఒంట్లోకి ఊరికే వదిలితే అది పోయి ఎముకల్లో కూర్చుంటుంది, లోపలి మూలుగను తినేస్తుంది. అందుకని దాన్ని పట్టుకునే పీత కావాలి. ఆ పీతను పుండు దాకా మోసుకెళ్లే మనిషిలాంటిది ఇంకొకటి కావాలి.

"మరి పట్టుకోవడం లేదా మీ పీతలు?"

"గాజు బుడ్డిలో పట్టుకుంటాయి. రక్తంలోకి పోగానే వదిలేస్తాయి. రక్తం అంటే సంత భ్రమరా! అక్కడ ఇనుముంది, సున్నముంది, జింకుంది, అందరూ చెయ్యి పట్టి లాగేవాళ్లే. పీత చెయ్యి ఒక్క క్షణం సడలిందా, లోహం జారిపోతుంది, ఆ చేతిలో ఇంకోటి దూరుతుంది. నిప్పును పసిగట్టే యంత్రం దగ్గర పెడితే ఎలకల ఎముకలన్నీ టిక్కు టిక్కుమంటున్నాయి" అంటూ లేచారు. సగం అన్నం అక్కడే ఉంది.

ఈ పీతల సంగతి నీలమ్మకు చెబితే పడీ పడీ నవ్వింది. "సారు ఎండ్రికాయలు చేస్తడా? నేనేందో పెద్ద సదువనుకున్న!" అని. తర్వాత ఆయన కనపడితే చాలు, "ఎండ్రికాయ పట్టిందా సారూ?" అని అడిగేది. ఆయన కూడా నిలబడి జవాబు చెప్పేవారు, ఇవాళ సగం పట్టింది నీలమ్మా, ఇవాళ అసలు పట్టలేదు నీలమ్మా, అని.

ఇల్లంతా పీతలే. రాగి తీగ ముక్కలు వంచి, వాటికి రేగు గింజలు గుచ్చి, నాలుగు చేతులవి, ఆరు చేతులవి, ఎనిమిది చేతులవి చేసేవారు. పక్కలో గుచ్చుకునేవి. ఊడ్చేస్తే ఒక అరుపు, ఊడ్వకపోతే నా కాలికి ఒక పోటు. ఎనిమిది చేతులదానికి పట్టు బాగుంది, కానీ చేతులు మరీ వదులుగా ఊగుతున్నాయి, అందుకే జారుతోంది అని ఆయనకు తోచింది. వెన్ను దగ్గర ఒక గట్టి చట్రం పెట్టి, ఆ చేతులన్నీ ఎప్పుడూ లోపలికే వంగి ఉండేలా కట్టాలి. చెప్పడానికి ఒక్క ముక్క. దాన్ని మందు పొడిగా చేయడానికి ఆయనకు ఏడాది పట్టింది. ఒకటి చేస్తే కరగదు, ఒకటి కరిగితే లోహాన్ని లోపలికి రానివ్వదు. ఆ ఏడాది మా ఇంట్లో చెప్పులు అరిగినంతగా ఏ ఇంట్లోనూ అరిగి ఉండవు.

ఆ ఏడాదే నీలమ్మ కడుపు ఉబ్బడం మొదలైంది. వాము నమిలింది, ఇంగువ నీళ్లు తాగింది. "ఏమో అమ్మా, తిననిదే నిండుతున్నది" అంటే నాకు భయమేసి సాయిలును తిట్టి మరీ ఆమెను పెద్దాస్పత్రికి పంపాను. అక్కడ నరసింహమూర్తి గారని పెద్ద డాక్టరు కోసి చూశారు. అండాశయంలో రాచపుండు. కడుపంతా గింజలు చల్లినట్టు పాకిందట. తీయగలిగినంత తీశారు. ఆ డాక్టరుకు మా ఆయన పని తెలుసు. ఇద్దరూ ఆస్పత్రి వరండాలో నిలబడి చాలాసేపు మాట్లాడుకున్నారు. నిజానికి ఒకరు నిలబడ్డారు, ఒకరు తిరిగారు.

వాళ్లు అనుకున్నది ఇది. నీలమ్మ పుండులోంచి తీసిన ముక్కను నూరి మేకకు సూదితో ఇస్తే, ఆ మేక రక్తంలో దాన్ని గుర్తుపట్టే పదార్థం ఒకటి పుడుతుంది. దానికి మా ఆయన పీతను అతికిస్తే, అది నిప్పును పట్టుకుని పుండు దగ్గరికే పోతుంది. ఎలకల్లో ఎముకలు శుభ్రంగా ఉన్నాయని తేలితే నీలమ్మకు ఇస్తాను, ఇంతకుమించి నా దగ్గర చేయగలిగింది లేదు, అన్నారు డాక్టరు. ఇది ఎవరికీ ఇవ్వని మందు, పని చేస్తుందో లేదో తెలియదు అని మా ఆయన నీలమ్మనూ సాయిలునూ కూర్చోబెట్టి విడమరచి చెప్పారు. సాయిలు తల గోక్కున్నాడు. నీలమ్మ మాత్రం వేరే దగ్గర ఆగింది.

"మేక కావాల్నా? నా బంగారి ఉండంగ ఇంకో మేక ఎందుకు సారూ?" అంది.

బంగారి అంటే ఆమె ముద్దుల మేక, గోధుమ రంగుది. దాన్ని ప్రయోగశాల వెనక పాకలో కట్టేశారు. దాని మేత కోసం నీలమ్మ రోజూ కడుపు చేత్తో పట్టుకుని వచ్చేది. "తిను బిడ్డా, మంచిగ తిను, నీ నెత్తురే నా మందంట" అని దాని చెవిలో చెప్పేది. నాకు కళ్లనీళ్లు ఆగేవి కావు. ఆమె నన్ను కసిరేది, "ఏందమ్మా, నేను సచ్చిననా ఏంది అప్పుడే?" అని.

వెన్ను గట్టిదైన పీత చివరికి తయారైంది. బంగారి రక్తం తీశారు, వడకట్టారు, అతికించారు, బొంబాయి నుంచి సీసం డబ్బాలో లోహం వచ్చింది, ఎలకలకు ఇచ్చారు. ఎముకలు మౌనంగా ఉన్నాయి. మళ్లీ చేశారు. మళ్లీ మౌనం! ఆ రోజు ఆయన ఇంటికి పరుగెత్తుకొచ్చి, నన్ను చూడకుండా దాటి, ఎదురింటి గోడ దగ్గరికి పోయి "పట్టింది నీలమ్మా!" అని అరిచారు. నాకు కొంచెం కోపం వచ్చింది, కొంచెమే.

ఇక నీలమ్మ కోసమని ఒక బుడ్డి ప్రత్యేకంగా చేశారు. లోహం ఇంకా కలపలేదు. అది బొంబాయి నుంచి ఆ వారమే విమానంలో రావాలి, రాగానే కలిపి, ఒక ఎలుకకు పెట్టి చూసి, బాగుంటే ఆస్పత్రికి తీసుకెళ్లాలి. నేను క్యారియర్‌తో వెళ్లేసరికి నీలమ్మ పాకలో ఉంది. "సారూ, నా మందు జర సూపియ్యవా?" అని అడిగింది. ఆయన బుడ్డిని తొడుగులు వేసుకున్న చేతులతో బయటికి తెచ్చారు. అరచేతిలో పట్టేంత గాజు బుడ్డి, గాజు బిరడా, లోపల నీళ్లలాంటి నీళ్లు. దీని ముందు మా అత్తగారి మడి ఎందుకూ పనికిరాదు. ఆ బుడ్డిని ఆమ్లంతో కడిగి, మళ్లీ కడిగి, మళ్లీ కడిగి, దాని దగ్గర తుమ్మినవాణ్ణి కూడా బయటికి గెంటారాయన. ఎందుకంటే ఆ పీతలకు మంచీ చెడూ తెలియదు. ఇనుము రవ్వ దొరికినా పట్టుకుంటాయి, సీసం నలుసు దొరికినా పట్టుకుంటాయి. ఒకసారి చేతులు నిండాక అసలు లోహం వస్తే దానికి చోటుండదు.

నీలమ్మ బుడ్డిని చూసింది. "ఉండు సారూ" అని గిరుక్కున తిరిగి, పాక వెనక బండ దగ్గర కొలువైన పోచమ్మ దగ్గరికి పోయింది. అంత కడుపుతో ఆమె అలా నడవడం నేను చాలా రోజుల తర్వాత చూశాను. అమ్మవారి పాదాల దగ్గరి పసుపూ కుంకుమా నీళ్లతో తడిపి వేలికి తీసుకుని వచ్చింది. ఆయన నోరు తెరిచేలోపే బిరడా మీద, అంచు దాకా, మందంగా పెట్టేసింది. రెండు చేతులూ జోడించి కళ్లు మూసుకుంది.

నేను ఆయన ముఖం చూశాను. తెల్లబోయింది. జేబులోంచి దూది బయటికి తీశారు. తీసిన చెయ్యి అక్కడే ఆగింది. నీలమ్మ కళ్లు తెరిచి నవ్వింది. ఆ స్థితిలో ఉన్న ముత్తైదువ తన మందుకు పెట్టుకున్న బొట్టును ఆమె కళ్లముందు తుడిచే మగవాడు మా వైపూ పుట్టలేదు, వీళ్ల వైపూ పుట్టలేదు. ఆమె వెళ్లిపోయాక తుడవొచ్చుగా అంటారు. నేనూ అన్నాను తర్వాత. "చేతులు రాలేదు భ్రమరా. బొట్టు తుడిస్తే ఆమెకేమవుతుందోనని భయమేసింది. ఇంత చదివి, అలా భయమేసింది" అన్నారు. బిరడా నిదానంగా తీస్తే సరిపోతుందనుకున్నారట.

సరిపోలేదు. గాజు బిరడా తిప్పేటప్పుడు ఎండిన బొట్టు పెళుసుగా విరిగింది. కంటికి కనపడనంత రవ్వ లోపలికి జారింది. లోహం కలిపారు, ఎలుకకు పెట్టారు. ఎముకలు టిక్కు టిక్కుమన్నాయి.

ఆ రోజు ఆయన పట్టపగలు ఇంటికి వచ్చారు. ఎన్నడూ రాని మనిషి. నేను మినుములు విసురుతున్నాను. వచ్చి తిరగలి పక్కన చతికిలబడ్డారు. బుడ్డిలో మిగిలిన దాంట్లో ఏదో చుక్క వేసి చూస్తే సీసం ఉన్నట్టు రంగు తిరిగిందట. సీసం ఎక్కడిది? ఎర్రగా ఉండాలని కుంకుమలో సిందూరం కలుపుతారు కొందరు. సిందూరమంటే సీసమే. "అమ్మవారి కుంకుమ భ్రమరా. ఆమె బొట్టే ఆమె మందులో పడింది" అన్నారు. మళ్లీ చేయాలంటే బంగారికి కొత్తగా రక్తం పట్టాలి, మళ్లీ అతికించాలి, బొంబాయి వాళ్లు మళ్లీ లోహం పంపాలి. ఎన్ని వారాలో! నీలమ్మ కడుపులో అప్పటికే నీరు చేరుతోంది.

"చెప్పేయండి వాళ్లకు, జరిగింది జరిగినట్టు" అన్నాను.

"చెప్తే?"

"చెప్తే మీ తప్పు కాదని తెలుస్తుంది."

"నా తప్పే. తుడవనిది నేను. చెప్తే ఏమవుతుందో ఆలోచించు. ఉన్నన్నాళ్లూ ఆమె తన వేలు చూసుకుంటూ కూర్చుంటుంది. సాయిలు ఆ వేలునే చూస్తాడు. నాకు ఒట్టెయ్యి భ్రమరా" అన్నారు. పిండి చేతులతోనే ఒట్టేశాను.

సాయంత్రం గోడ దగ్గరికి పోయి, కొలత తప్పాను నీలమ్మా, ఈసారి పట్టలేదు, మళ్లీ చేస్తాను, అన్నారు. నీలమ్మ "ఫికర్ చెయ్యకు సారూ, గట్లయితది" అంది. సాయిలు ఊరుకోలేదు. కాండ్రించి ఉమ్మేసి, "గింత సదువుకొని కొలుచుడు రాదా నీకు? ఆశ ఎందుకు వెట్టినవ్ మరి?" అన్నాడు. ప్రయోగశాల పెద్దాయన పిలిచి చీవాట్లు పెట్టారు. డాక్టరు గారు మాట్లాడటం తగ్గించారు. గోరుచుట్టు మీద రోకటిపోటంటే ఇదే. వాళ్లందరితో పోట్లాడాలనిపించేది నాకు. ఆయన మాత్రం అన్నిటికీ అవును, నాదే, అని తలూపి పనిలోకి పోయేవారు.

ఆ వారాలు తలుచుకుంటే ఇప్పటికీ నా అరికాళ్లు దురద పెడతాయి. ఆయన తిరుగుతుంటే నేనూ తిరగడం మొదలుపెట్టాను. ఆకాశంలో విమానం చప్పుడైతే ఇద్దరం బయటికి పరుగెత్తేవాళ్లం, అదే బొంబాయిదన్నట్టు. నీలమ్మ పాక దాకా రావడం మానేసింది. మంచంలోంచే "బంగారి తిన్నదా?" అని అడిగేది. కడుపులో నీరు తీయించుకు వచ్చిన రోజున ముఖం పీక్కుపోయి ఎవరో కొత్త మనిషిలా ఉంది. నేను గంజి పట్టుకెళితే నా చెయ్యి లాగి పక్కన కూర్చోబెట్టుకుంది.

"అమ్మా, ఒక్క ముచ్చట. కిందటిసారి నేను బొట్టు ఆగమాగం వెట్టిన. స్నానం కూడ చెయ్యలే ఆ పొద్దు. తల్లికి కోపమచ్చినట్టుంది, గందుకే సారు కొలత తప్పిండు. ఈసారి మంచిగ వెడత. మందు సీస ఇక్కడికి తెమ్మని చెప్పు సారుకు" అంది.

 ఇంటికొచ్చి ఆయనకు చెప్పాను. ఆయన పెరట్లో అటు నుంచి ఇటు, ఇటు నుంచి అటు, చీకటి పడేదాకా తిరిగారు. కాదంటే ఎందుకు కాదంటున్నాడని అడుగుతుంది. ఔనంటే మందు పోతుంది. చివరికి ఆగి, "అలాంటి బుడ్డి ఇంకోటుంది" అన్నారు.

లోహం వస్తుందన్న రోజు పొద్దున, ఆయన అచ్చం అలాంటి బుడ్డిలోనే ఉప్పునీళ్లు పోసి తీసుకెళ్లారు. వెంట నేనూ వెళ్లాను. అప్పటికి నీలమ్మకు తల స్నానం చేయించి కూర్చోబెట్టాడు సాయిలు. ఆమె తడి వేలితో పసుపు పెట్టింది, పసుపు మీద కుంకుమ పెట్టింది. సాయిలు ఆమె మోచేయి కింద తన చెయ్యి పెట్టాడు. "ఇగ పడతది సారూ ఎండ్రికాయ" అంది. మా ఆయన "పడుతుంది నీలమ్మా" అన్నారు. గొంతు అంత మామూలుగా ఎలా వచ్చిందో నాకు తెలియదు. నేనైతే పైట నోట్లో కుక్కుకుని బయటికొచ్చేశాను.

అసలు బుడ్డి ప్రయోగశాలలో మంచులో ఉంది. మధ్యాహ్నం బేగంపేట నుంచి జీపులో సీసం డబ్బా వచ్చింది. కలిపారు. ఎలుకకు పెట్టారు. ఎముకల్లో ఒక్క టిక్కు లేదు. రక్తమనే సంతలో ఎంతమంది లాగినా ఒక్క రవ్వ కూడా వదల్లేదు ఆ పీత. అంత మంచి పట్టు అంతకు ముందెప్పుడూ రాలేదన్నారు. పొద్దున్నే నీలమ్మను తీసుకుని ఆస్పత్రికి రమ్మని డాక్టరు గారు కబురు పంపారు.

తెల్లవారుతుండగా మేం జీపు కోసం తయారై వాకిట్లో నిలబడ్డాం. సాయిలు ఇంట్లోంచి వచ్చాడు. తలపాగా లేదు. గోడ దాకా వచ్చి దాని మీద రెండు చేతులూ పెట్టి నిలబడ్డాడు.

"పోయింది సారూ" అన్నాడు.

 మా ఆయన ఎదురింట్లోకి వెళ్లి, నీలమ్మ కాళ్ల దగ్గర నిలబడి వచ్చారు. ఆ తర్వాత ప్రయోగశాలకు పోయి, సీసం గోడ వెనక ఉన్న ఆ బుడ్డికి ఎదురుగా స్టూలు వేసుకుని కూర్చున్నారు. దాన్ని పారబోయడానికి లేదు. లోపలి నిప్పు దానంతట అది ఆరాలి. క్యారియర్ పట్టుకెళితే తలుపు సందులోంచి కనపడ్డారు. కూర్చునే ఉన్నారు. పెళ్లయినప్పటి నుంచి ఆ మనిషిని కుదురుగా కూర్చోబెట్టాలని నేను మొక్కని దేవుడు లేడు. అలా కూర్చుంటే చూడలేకపోయాను.

ఆ పీత మీద ఆయన తర్వాత ఒక చిన్న వ్యాసం రాశారు. ఎవరైనా చదివారో లేదో తెలియదు. ఆ ధర్మసంస్థ మూతపడింది, ఆయన ఎక్కడో మందుల కంపెనీలో చేరి తలనొప్పి మాత్రలు పరీక్ష చేస్తూ రిటైరయ్యారు. బంగారి మా ఇంట్లోనే ముసలిదై పోయింది. ఆయన జీవితమంటే అంతే. కానీ నేను చెప్పదలచుకున్నది నీలమ్మ దినం అయిన మర్నాటి సంగతి.

ఆ రోజు సాయిలు మా అరుగు దగ్గరికి వచ్చాడు. పైకి రమ్మన్నా రాలేదు. "సారూ, అది బొట్టు వెట్టిన సీస ఉన్నదా? ఉంటే ఇయ్యి, దేవుని దగ్గర వెట్టుకుంట" అన్నాడు. మా ఆయన లోపలికి పోయి ఆ ఉప్పునీళ్ల బుడ్డి తెచ్చి ఇచ్చారు. బిరడా మీద బొట్టు చెక్కుచెదరలేదు. సాయిలు దాన్ని కళ్లకద్దుకున్నాడు. గరుకు చేతుల్లో అది మరీ చిన్నగా ఉంది. కొంత దూరం పోయి, ఏదో తోచినట్టు ఆగి, వెనక్కి తిరిగి వచ్చాడు. ఈసారి నా వైపు చూశాడు.

"అమ్మా, నువ్వు అబద్ధమాడవు. నీకన్న తెలుస్తది. గా మొదటి సీస ఎట్ల కరాబయింది? అది మంచిగుంటే నా నీలమ్మ బతుకుతుండె గద! ఇంకొన్నొద్దులన్న ఉంటుండె గద! సారుకు చాతగాకనేనా?"

ఇన్నాళ్లూ ఊళ్లో అందరూ ఆయనను అన్న మాటలన్నీ నా గొంతులోకి ఎగదన్నాయి. చాతగాకనా? ఈ మనిషికి చాతగాకనా? నోరు తెరిచాను. స్తంభం చాటున, సాయిలుకు కనపడకుండా, మా ఆయన వేళ్లు వచ్చి నా మణికట్టును పట్టుకున్నాయి. అంత గట్టిగా ఎన్నడూ పట్టుకోలేదు. నా చేతి గాజు ఒకటి పుటుక్కుమంది.

"అవును సాయిలూ" అన్నాను. "ఆయనకు చాతగాకే."

సాయిలు తలూపాడు. బుడ్డిని రుమాల్లో చుట్టుకుని, రెండు చేతులతో ఛాతీకి ఆనించుకుని నడిచాడు. అతను సీతాఫలం పొదలు దాటి కనపడకుండా పోయేదాకా మా ఆయన నా చెయ్యి వదల్లేదు.